మూత్రంలో మంటకు చైనా కషాయం

“మాటిమాటికీ మూత్రంలో మంట. యాంటీబయాటిక్ మానగానే మళ్ళీ మొదటికొస్తోంది. చైనా మూలికలు వాడవచ్చునా?” అని ఒక సోదరి అడిగారు.

ఈ బాధకు చైనా వైద్యులు సోంగ్ రాజుల కాలం నుంచి ఇస్తున్న యోగం ఒకటుంది, పేరు బాజెంగ్‌సాన్. ఇలాంటి మందులపై 2015లో కాక్రేన్ సంస్థవారు ఏడు ప్రయోగాలను జల్లెడ పట్టారు. అన్నిటా కలిపి 542 మంది స్త్రీలు. కొంత మేలు కనిపించింది, తిరగబెట్టడమూ తగ్గింది. అయితే ప్రయోగాలు చిన్నవి, జరిపిన తీరూ అంతంత మాత్రమే. గట్టిగా చెప్పలేమన్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

అసలు భయం వేరే ఉంది. బాజెంగ్‌సాన్‌లో ముటాంగ్ అనే తీగ వేస్తారు. దాని బదులు చాలాకాలం గువాన్ ముటాంగ్ అనే మరో తీగ కలిపారు. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, క్యాన్సరూ తెస్తుంది. 2003లో చైనా ప్రభుత్వమే దాన్ని మందుల్లోంచి తీసేసింది. పాముకాటుకని మనవాళ్ళు నూరి ఇచ్చే ఈశ్వరి వేరుదీ ఆ జాతే సుమండీ!

అమ్మా, ముందు మూత్రం కల్చర్ పరీక్ష చేయించండి. చలిజ్వరం, నడుము పక్కల నొప్పి ఉంటే మాత్రం ఏ కషాయాన్నీ నమ్ముకుని కూర్చోకండి, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.