వాళ్లను జ్యూరీలో కూర్చోబెట్టండి

చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి నేలంతా గ్రానైట్ పరిచాక నడిచేవారికి ఊపిరాడింది. మరి వీల్‌ఛైర్‌లో వచ్చేవారికి? రాళ్ల మధ్య సందులు, అడ్డుగా పాతిన స్తంభాల మధ్య ఎడం, లాడ్‌బజార్‌లో దుకాణం ముందు మెట్టు. నక్షా గీసేవారికి చిల్లర విషయాలే. చక్రానికి మాత్రం అక్కడితో ఊరు అయిపోయినట్టే.

ఈ తేడా రేపటి ఆర్కిటెక్టులకు ఎవరు నేర్పాలి? ఇంజినీర్లు, ఆర్కిటెక్టుల కోర్సుల్లో వైకల్యం ఒక అంశంగా ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. దాన్ని ఒక్క లెక్కతో సరిపెట్టవచ్చు: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల ర్యాంపు. ఇంకాస్త ఉత్సాహముంటే విద్యార్థుల కళ్లకు గంతలు కట్టి వరండాలో నడిపించవచ్చు. దాంతో వాళ్లకు భయం తెలుస్తుంది, నేర్పు తెలియదు. ఏళ్లుగా తెల్లకర్రతో తిరిగే మనిషికి కాలికింద నేల మారడం, అత్తరు కొట్టు వాసన, మక్కా మసీదు అజాన్ అన్నీ దారి గుర్తులే. అరగంట గంతలు కట్టుకున్న కుర్రాడికి అదంతా వట్టి చీకటి.

అమెరికాలోని బర్క్‌లీలో ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ రేమండ్ లిఫ్‌చెజ్ వికలాంగులనే స్టూడియోకి పిలిచి, విద్యార్థుల డిజైన్లకు సలహాదారులను చేశారు. ఆ అనుభవం 1987లో పుస్తకంగా వచ్చింది.

అంత దూరం పోనక్కర్లేదు. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో, శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదిక ఆధారంగా సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది. సౌకర్యాల ప్రమాణాలను సలహాల స్థాయికి దించిన, అదే చట్టం కింది నియమావళిలోని 15(1) నిబంధన చెల్లదంటూ, తప్పనిసరి నియమాలు రాయడానికి కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది. న్యాయశాస్త్రం తన వంతు పని చేసింది. ఇక ఆర్కిటెక్చర్ వంతు.

వారసత్వ కట్టడాల దగ్గర ఈ సౌకర్యాలన్నీ కుదరవనే వాదన ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చార్మినార్ 149 మెట్లకు లిఫ్ట్ పెట్టమని ఎవరూ అడగడం లేదు. అడిగేది కింద నేల, మరుగుదొడ్డి తలుపు వెడల్పు, టికెట్ కిటికీ ఎత్తు.

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రోకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం పేర్లతో స్టేషన్లు అనుకున్నారు, కానీ ఆ మార్గం రెండింటికీ దాదాపు అర కిలోమీటరు దూరం. మాసాబ్‌ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయానికి ఇంతకంటే మంచి స్టూడియో ప్రాజెక్టు ఏముంటుంది? తోపుడుబండ్లు, ఆటోలు, పండుగ రద్దీ అన్నీ ఉన్న ఆ అర కిలోమీటరులో విద్యార్థులు పాతబస్తీ వికలాంగులతో కలిసి నడవాలి, కొలవాలి, గీయాలి. వచ్చినవారికి శాలువా కప్పి పంపడం కాదు, అతిథి అధ్యాపకులకిచ్చే పారితోషికమే ఇవ్వాలి. సెమిస్టర్ చివర జ్యూరీలో మార్కులు వేసే పెన్ను కూడా వాళ్ల చేతిలో ఉండాలి, ఫెయిల్ చేసే అధికారంతో సహా.