చూడదగిన చోట్లు: మధురలో ఒక రోజు

పెరటి చెట్టు మందుకు రాదంటారు. ఈ శీర్షిక క్రింద దూరపు ఊళ్ళను గురించి ఎన్నో సంగతులు వ్రాసిన నేను, పుట్టి పెరిగిన మధురను గురించి ఒక్క ముక్కయినా వ్రాయలేదు. ఆఫీసుకు పోతూ వస్తూ తిరుమల నాయకుని మహలు గోడ ప్రక్కగానే రోజూ సైకిలు తొక్కుతాను. లోపలికి వెళ్ళి మాత్రం పదిహేనేళ్ళు దాటినది.

నిరుడు తై పూసానికి తెప్పోత్సవం చూడాలని మా బావగారు తెనాలి నుంచి వచ్చారు. ఆయన బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. “ఏమయ్యా, తెలుగు నాయకులు ఏలిన ఊళ్ళో ఉన్నావు గదా, ఏమేమి చూపిస్తావు?” అన్నారు. నాకు సిగ్గు వేసినది. ఆఫీసుకు ఒక రోజు సెలవు పెట్టి, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిని వెంటబెట్టుకొని బయలుదేరాము. ఆనాటి తిరుగుడే ఈ నెల వ్యాసం.

మధురను చూడదలచినవారు మొదట ఊరి అమరికను తెలుసుకోవాలి. నడుమ మీనాక్షీ సుందరేశ్వరుల గుడి. దాని చుట్టూ పెట్టెలో పెట్టె అమర్చినట్లు ఆడి, చిత్తిరై, ఆవణి మూల, మాసి వీధులు. ఇవి తమిళ నెలల పేర్లు. అన్నిటికీ వెలుపల వెళి వీధులు. ఒకప్పుడు అక్కడ కోటగోడ, అగడ్త ఉండేవి. 1840 ప్రాంతంలో కలెక్టరుగా ఉన్న బ్లాక్‌బర్న్ దొర వాటిని తీసివేయించి, ఊరు పెరగడానికి చోటు చేశాడు. ఆయన జ్ఞాపకార్థం నిలిపిన దీపస్తంభమే నేటి విళక్కుత్తూణ్.

తెల్లవారుజామునే గుడికి వెళ్ళడం మేలు. మధ్యాహ్నం నడిజామున మూసి, తిరిగి సాయంత్రం నాలుగింటికి తెరుస్తారు. సెల్‌ఫోను లోపలికి తీసుకొని పోనివ్వరు. వేయి స్తంభాల మండపం విశ్వనాథ నాయకుని మంత్రి అరియనాథ మొదలియారు కట్టించినది. స్తంభాలు లెక్కకు 985. మా అమ్మాయి ఒక వరుస లెక్కపెట్టి చాలించుకొన్నది. ఈ విశ్వనాథుడు విజయనగరం నుంచి వచ్చి 1529లో ఇక్కడ నాయక రాజ్యానికి పునాది వేసినవాడు. ఆ రాజ్యం 1736 వరకు నిలిచినది.

తూర్పు గోపురం వైపు వీరవసంతరాయ మండపం ఉన్నది. 2018 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి అక్కడి అంగళ్ళలో నిప్పంటుకొని, మండపం కాలి, రాతి కప్పు కూలినది. మర్నాడు ఊరంతా వచ్చి చూచి కంటతడి పెట్టుకొన్నాము. అంతకు ముందు ఆ మండపంలో గాజులూ బొమ్మలూ బేరమాడినవాళ్ళమే గాని, తలయెత్తి కప్పు వంక చూచినవారము ఎందరము?

గుడికి ఎదురుగా ఉన్నది పుదు మండపం, అనగా కొత్త మండపం. స్వామివారి వసంతోత్సవానికి తిరుమల నాయకుడు కట్టించినది. పేరుకు కొత్తదే గాని, వయస్సు నాలుగు వందల ఏళ్ళకు దగ్గర పడుతున్నది. నా చిన్నతనం నుంచీ ఇది దర్జీలకూ, పుస్తకాల అంగళ్ళకూ, పాత్రల వర్తకులకూ నెలవు. మా అమ్మాయికి మొదటి పరికిణీ కుట్టించినది ఇక్కడే. ఈ మధ్య సంవత్సరాలలో ఆ అంగళ్ళను దగ్గరలోని కున్నత్తూరు సత్రానికి తరలించారు. అప్పుడు గదా స్తంభాలు కళ్ళబడ్డవి! నడిమి స్తంభాలకు నాయక రాజులు దేవేరులతో సహా నిలువెత్తు విగ్రహాలై ఉన్నారు. బొజ్జతో, చేతులు జోడించి నిలుచున్నవాడు తిరుమల నాయకుడు. “ఇంత పెద్ద రాజు దండం పెట్టుకొని నిలబడ్డాడేం మామయ్యా?” అని అమ్మాయి అడిగినది. “ఎదుట ఉన్నది మీనాక్షమ్మ గుడి గదమ్మా!” అన్నారు బావగారు.

దానికి తూర్పున రాయగోపురం. ఇదీ తిరుమల నాయకుడు మొదలుపెట్టినదే, పూర్తి కాలేదు. ద్వారబంధాలు ఒక్కొక్కటీ యాభై అడుగులకు మించిన ఏకశిల. మొదలే అంత ఉంటే కొన ఎంత ఉండునో చదువరులే ఊహించుకొనవచ్చును. ఇప్పుడు దాని కాళ్ళ సందున అంగళ్ళు. అడిగితే గాని దారి చూపేవారు లేరు.

అక్కడి నుంచి విళక్కుత్తూణ్ మీదుగా నడిస్తే మహలు వస్తుంది. దారిలో పత్తుత్తూణ్ సందులోకి ఒకసారి తొంగి చూడండి. జవుళి కొట్ల నడుమ పది పెద్ద రాతి స్తంభాలు, పైన ఏ కప్పూ లేకుండా నిలుచున్నవి. ఇవి మహలులో భాగమేనని చెబుతారు.

ఇక మహలు. తిరుమల నాయకుడు 1623 మొదలు 1659 వరకు ఏలినాడు. రాజధానిని తిరుచిరాపల్లి నుంచి మధురకు మార్చి, 1636లో ఈ నగరు కట్టించినాడు. ఇటుకా సున్నమూ తప్ప మరేమీ లేవన్నట్లుగా ఉన్న ఆ స్వర్గవిలాసంలో, చిన్న పిల్లలు నలుగురు చేతులు కలిపినా అందని స్తంభాల మధ్య నిలబడితే మాట పెగలదు. కాని మనము చూచేది నాలుగో వంతు మాత్రమే. తక్కిన మూడు వంతులు ఏమైనవి? శత్రువులు కూల్చినారా? లేదు. తిరుమల నాయకుని సొంత మనుమడు చొక్కనాథ నాయకుడు రాజధానిని తిరిగి తిరుచిరాపల్లికి మార్చినప్పుడు, అక్కడ తన నగరు కోసం ఇక్కడిది విప్పించి మోయించుకొని పోయినాడు. మిగిలినది రెండు వందల ఏళ్ళు పాడుబడ్డది. దానిని బాగుచేయించినవాడు 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు. తరువాత అందులో జిల్లా కోర్టు పెట్టారు. 1970 దాకా ఆ స్తంభాల క్రిందనే వ్యాజ్యాలు నడిచినవి. మనుషులు మసలిన కట్టడం గనుక నిలిచినది.

ఈ సంగతి చెబుతుండగా మా అమ్మాయి గోడల వెంట ఏదో వెతుకుతున్నది. “నాయనా, ఈ రాజు ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడేవాడంటివే. ఇక్కడ తెలుగు అక్షరం ఒక్కటీ కనబడలేదే!” అన్నది.

నేను జవాబు వెతుక్కుంటుంటే బావగారే అందుకొన్నారు. “రాతి మీద కనబడకపోతే తాటాకుల మీద ఉన్నదమ్మా. ఆ చొక్కనాథుని మనుమడు విజయరంగ చొక్కనాథుడు 1706 నుంచి 1732 వరకు ఏలినాడు. ‘శ్రీరంగ మాహాత్మ్యము’ తెలుగు వచనంలో వ్రాసినాడు. అతని కొలువులోని సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు ‘జైమిని భారతము’ వచనంగా వ్రాసినాడు. మన భాషలో వచనం నడక నేర్చుకొన్నది ఈ అరవ నాట కూడాను. నీవు చదువుదువు గాని, నీకు పంపుతాను.”

అమ్మాయి తలవంచుకొన్నది. దానికి తెలుగు చదవడం రాదు. మాట్లాడుతుంది, అదీ సగం అరవం కలిపి. బావగారు నా వంక చూచారు. ఏమీ అనలేదు. అనివుంటే కొంత తేలికగా ఉండేది. తాత కట్టినదానిని విప్పిన మనుమని మీద అంతసేపు కోపగించుకొన్నవాణ్ణి నేనే గదా!

భోజనానంతరం రైలు స్టేషను ఎదుట ఉన్న మంగమ్మ సత్రం చూపించాను. చొక్కనాథుని భార్య రాణి మంగమ్మ, మనుమడు పసివాడైనందున 1689 నుంచి పదిహేనేళ్ళకు పైగా రాజ్యం నడిపినది. బాటలూ సత్రాలూ అనగానే ఈ ప్రాంతపు జనం ఇప్పటికీ ఆమె పేరే చెబుతారు. వైగై అవతలి ఒడ్డున తముక్కంలో ఆమె విడిది మేడ ఉన్నది. 1959 ఏప్రిల్ 15న నెహ్రూగారు అక్కడ గాంధీ స్మారక ప్రదర్శనశాలను ప్రారంభించారు. గాంధీగారు హతులైననాడు ధరించిన నెత్తుటి వస్త్రం అందులో ఉన్నది. ఆయన అంగీ తలపాగా విడిచి కొల్లాయి కట్టినది కూడా ఈ మధురలోనే, పడమటి మాసి వీధిలో, 1921 సెప్టెంబరు 22న.

సాయంకాలానికి ఊరి తూర్పున ఉన్న వండియూరు తెప్పకుళం చేరాము. తిరుమల నాయకుడు 1645లో త్రవ్వించినది. నడుమ నీరాళి మండపం. వైగై నీరు కాలువ గుండా వచ్చేటట్లు ఏర్పాటు చేశాడు. నా బాల్యంలో ఎన్నో ఏళ్ళు ఇందులో చుక్క నీరు ఉండేది కాదు. మేమంతా దిగి క్రికెట్ ఆడుకొన్నాము. పూడిన కాలువను బాగుచేసిన తరువాత ఇటీవల మళ్ళీ నీరు నిండుతున్నది. తిరుమల నాయకుని జన్మనక్షత్రాన జరుగుతుందని చెప్పే ఆ ఉత్సవంలో అమ్మవారూ స్వామీ దీపాలతో వెలిగే తెప్ప మీద సాగిపోతుంటే, జనమంతా అరవంలో కేకలు వేస్తున్నారు. మా బావగారు చేతులు జోడించి తెలుగులో ఏదో గొణుగుకొంటున్నారు. అమ్మవారికి రెండూ తెలిసినవే.

ఈ కట్టడాలన్నీ మావని జబ్బ చరుచుకోవడానికి ఈ వ్యాసం వ్రాయలేదు. కట్టించినవారు తెలుగువారైతే కావచ్చు. చెక్కిన చేతులూ, కాపాడుకొంటున్న జనమూ ఈ గడ్డవారు. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన ఏదీ నిలవదు. పట్టించుకొన్నవారి వల్లనే నిలుస్తుంది. మహలుకు ఇది ఎంత నిజమో, ఇంటి భాషకూ అంతే నిజం.

బావగారు వెళ్ళిన మరుసటి ఆదివారం అమ్మాయికి ఓనమాలు దిద్దించాను. ఏడాది తిరిగినది. గుణింతాలు వచ్చినవి, ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతున్నది. ఈ వ్యాసానికి పైనున్న పేరు మట్టుకు తానే కూడబలుక్కొని చదివినది.

మధురకు వచ్చే చదువరులు పిల్లలను వెంటబెట్టుకొని రావలసినది. చెప్పవలసిన కథలు తెలుగులోనే చెప్పవలసినది. బెంగుళూరు, బరంపురం, షోలాపురం, యానాంలలో ఉన్నవారు తమ పెరటి చెట్లను గురించి వ్రాసి పంపితే, రాబోయే నెలలలో ఈ శీర్షిక క్రిందనే అచ్చు వేయించగలము.