ఆగిన బండిలో స్క్రూ తిరగదు

ఏడాదిగా మూలన పడి ఉన్న టూ స్ట్రోక్ బండిని బయటికి తీస్తారు. పది పదిహేను కిక్కులకు ఎలాగో అందుకుంటుంది. చోక్ వేసి ఉంచితే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది. స్లోలో నిలవదు, రేస్ ఇస్తే మిస్సింగ్ కొడుతుంది. చాలా షెడ్లలో మొదట జరిగే పని, స్క్రూడ్రైవర్ అందుకుని కార్బొరేటర్ ఎయిర్ స్క్రూ తిప్పడం. అది కుదరకపోతే జెట్ మారుతుంది, ఆ తర్వాత కార్బొరేటరే మారుతుంది, చివరికి ‘బోర్ పోయింది’ అనే మాట వినబడుతుంది. ఈ వరసే తప్పు. ఆ బండిని మూలన పెట్టిన రోజు అది బాగానే నడిచింది. నిలబడి ఉన్న బండిలో స్క్రూ తనంతట తాను తిరగదు, జెట్ నంబరు మారదు, పిస్టన్ అరగదు. అరుగుదల తిరిగే బండికే ఉంటుంది. నిలిచిన కాలంలో మారేది పెట్రోలు, గట్టిపడేది రబ్బరు, తుప్పు పట్టేది లోహం. జబ్బు వీటిలో ఉండగా వైద్యం స్క్రూకు చేస్తున్నాం.

ఈ మాటకు గట్టి సాక్ష్యం ట్రయల్స్ మోటార్‌సైకిళ్లలో దొరుకుతుంది. ట్రయల్స్ అంటే వేగం పోటీ కాదు. రాళ్ల మీద, వాగుల్లో, బురద గట్ల మీద కాలు నేల మోపకుండా బండిని దాటించే పోటీ; కాలు మోపితే పాయింట్లు పడతాయి, తక్కువ పాయింట్లవారిదే గెలుపు. స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియం దగ్గర జరిగే ఆరు రోజుల ట్రయల్‌ను 1965లో శామీ మిల్లర్ స్పెయిన్ బుల్టాకో కంపెనీ తయారుచేసిన షెర్పా అనే తేలికపాటి టూ స్ట్రోక్ మీద గెలిచాడు. అంతవరకు ఆ రంగాన్ని ఏలిన బరువైన బ్రిటిష్ ఫోర్ స్ట్రోక్‌ల కాలం దానితో ముగిసింది. ఇలాంటి బండి పోటీలో ఎక్కువసేపు నడిచేది దాదాపు ఐడ్లింగ్ వేగంలోనే. రాయి అంచున ముందు చక్రం ఆనించి, నడక కన్నా నెమ్మదిగా, ఇంజన్ ఆగకుండా లాగాలి. ఆ వేగంలో ఇంజన్‌కు పెట్రోలు అందించేది పైలట్ జెట్, అంటే మనవాళ్లు స్లో జెట్ అనేది. అందులోని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి నిల్వ వల్ల వచ్చే లోపం ట్రయల్స్ బండిలో తొలి నిమిషంలోనే బయటపడుతుంది. మన ఆర్‌ఎక్స్ 100లోనో యెజ్డీలోనో అదే లోపం హైవే మీద దాక్కుంటుంది, ఎందుకంటే అక్కడ పని మెయిన్ జెట్‌ది. సిగ్నల్ దగ్గర ఆగగానే బండి ఆరిపోతుంది. పైవేగంలో బాగుండి కింద చెడితే స్లో జెట్‌నో గాలి లీకునో అనుమానించాలి. కింద బాగుండి రేస్ పూర్తిగా ఇచ్చినప్పుడు నీరసిస్తే ట్యాంకు కుళాయి, దాని జాలీ, మెయిన్ జెట్, మూసుకున్న సైలెన్సర్ చూడాలి. బండి ఎక్కడ తడబడుతోందో అదే సగం జవాబు చెబుతుంది.

పెట్రోలు ఎందుకు చెడుతుందో కాస్త వివరంగా చూడాలి. అది ఒకే ద్రవం కాదు, తేలికవి, బరువువి కలిసిన మిశ్రమం. చల్లని ఇంజన్ అందుకోవడానికి పనికొచ్చే తేలిక భాగమే ముందుగా ఆవిరైపోతుంది. మిగిలినది గాలి తగిలి మెల్లగా జిగురవుతుంది. ఫ్లోట్ గిన్నెలో ఉండేది చాలా కొద్ది పెట్రోలు కాబట్టి అక్కడ ఇది త్వరగా జరుగుతుంది. ఆయిల్ కలిపి పోసే బండ్లలో పెట్రోలు ఎగిరిపోయి టూటీ ఆయిల్ మాత్రం గిన్నె అడుగున మడ్డిలా మిగులుతుంది. దీనికి ఎథనాల్ తోడైంది. అది తేమను పీల్చుకుంటుంది. ఓ స్థాయి దాటితే నీళ్లూ ఎథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. కుళాయి ముందు లాగేది ఆ అడుగునున్నదాన్నే. ఇనుప ట్యాంకయితే తుప్పు, పాత బుల్టాకోల్లాంటి ఫైబర్‌గ్లాస్ ట్యాంకయితే మెత్తబడిన రెజిన్ కూడా దానితోపాటు దిగుతాయి. అందువల్ల తొలి పని స్క్రూడ్రైవర్‌ది కాదు, ఖాళీ గాజు సీసాది. పాత పెట్రోలును సీసాలోకి దింపి, వెలుతురులో పెట్టి చూడాలి. అడుగున పొర, ముదురు రంగు, ఘాటైన పుల్లటి వాసన కనిపిస్తే సగం నిర్ధారణ అయినట్టే. తర్వాత ట్యాంకు, కుళాయి, జెట్లు, జెట్లకు పెట్రోలు చేరే దారులు శుభ్రం చేయాలి. జెట్‌ను తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదవుతుంది. క్లీనరు కొట్టి, గాలి పెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని గుండ్రని చుక్క కనిపించేదాకా చూడాలి.

జెట్ తళతళలాడుతున్నా బండి స్లోలో నిలవకపోతే చూడాల్సింది రబ్బరు. టూ స్ట్రోక్‌లో ఫోర్ స్ట్రోక్‌లో లేని ఒక సంగతి ఉంది. పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం సిలిండర్‌లోకి వెళ్లేముందు క్రాంక్‌కేస్‌లోకి వస్తుంది. పిస్టన్ పైకి పోతే క్రాంక్‌కేస్ లోపలికి పీలుస్తుంది, కిందికి వస్తే సిలిండర్‌లోకి తోస్తుంది. అంటే క్రాంక్‌కేస్ ఒక పంపు. పంపుకు చిల్లి పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. క్రాంక్ రెండు చివరల ఆయిల్ సీళ్లు నెలల తరబడి ఒకే చోట ఆని ఉండి గట్టిపడతాయి, అంచులు బిరుసెక్కుతాయి. మ్యాగ్నెట్ వైపు సీలు వదిలితే బయటి గాలి చొరబడుతుంది: రేస్ వదిలినా ఇంజన్ వెంటనే దిగదు, ప్లగ్ తెల్లబడుతుంది, ఇంజన్ విపరీతంగా వేడెక్కుతుంది. క్లచ్ వైపు సీలు వదిలితే గేర్ ఆయిల్ లోపలికి పోతుంది: దట్టమైన పొగ, నల్లగా తడిసిన ప్లగ్, కారిన మరక లేకుండానే తగ్గిపోయే గేర్ ఆయిల్. సైలెన్సర్‌లో కార్బన్ అని, రింగులు పోయాయని ఎంతమంది ఎంత డబ్బు పోశారో! ఇన్‌లెట్ రబ్బరుకు పడిన చీలికదీ మ్యాగ్నెట్ వైపు సీలు కథే. వీటిని ఊహించి చెప్పాల్సిన పని లేదు. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మూసి, చిన్న చేతిపంపుతో 6 పీఎస్ఐ గాలి ఎక్కించి, గేజ్ ముల్లు నిలుస్తుందో పడిపోతుందో చూసి, సబ్బునీళ్లతో బుడగ ఎక్కడ లేస్తోందో పట్టుకోవచ్చు. ప్రెజర్ టెస్ట్ అనే ఈ పరీక్షకు కావలసిన సామాను ఏ షెడ్డులోనైనా తయారుచేసుకోగలిగినదే. అయినా బోరింగ్ మాట ఎత్తేముందు ఇది చేసేవారు అరుదు.

‘ఇంత తతంగం ఎందుకు, కొత్త పెట్రోలు పోసి రెండు రోజులు గట్టిగా తోలితే అదే సర్దుకుంటుంది’ అనేవారున్నారు. కొన్నిసార్లు నిజంగానే సర్దుకుంటుంది కూడా. కానీ టూ స్ట్రోక్‌లో ఈ జూదం ఖరీదైనది. ఆయిల్ కలిపి పోసే బండిలో పిస్టన్‌కు నూనె అందేది పెట్రోలుతోనే. జెట్ సగం మూసుకుని పెట్రోలు తగ్గితే నూనే తగ్గుతుంది, వేడి మాత్రం పెరుగుతుంది. పిస్టన్ పట్టేసేది సరిగ్గా అప్పుడే. జాగ్రత్త అనుకుని టూటీ ఆయిల్ ఎక్కువ పోస్తే రక్షణ దొరుకుతుందన్న నమ్మకం కూడా చాలామందిలో ఉంది. జెట్ గుండా పోయే ద్రవంలో నూనె వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది, ద్రవం చిక్కబడి ప్రవాహమూ తగ్గుతుంది. కొద్దిగానే అయినా గాలిలో కలిసే పెట్రోలు ఇంకా తగ్గుతుంది. పొగ మాత్రం పెరుగుతుంది. ఆర్‌ఎక్స్ 100లా ఆయిల్ పంపు ఉన్న బండ్లలో వేరే ప్రమాదం: ఆయిల్ పైపులో గాలి చేరితే ట్యాంకు నిండా నూనె ఉన్నా ఇంజన్‌కు చేరదు. ఆ గాలి తీసెయ్యకుండా దూరం పోకూడదు.

ఇదంతా ఎథనాల్ చేసిన పాపమేనని మరో వాదన. 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి మన బంకుల్లోకి వచ్చింది, పాత బండ్ల రబ్బరు దానికోసం చేసినది కాదు. ఆ ఫిర్యాదులో న్యాయముంది. ఎథనాల్ కలపని పెట్రోలు కూడా సులువుగా దొరికితే పాత బండ్లవారికి మేలే. అయితే ఎథనాల్ రాకముందూ నిలవున్న కార్బొరేటర్లు మూసుకుపోయేవి, సీళ్లు గట్టిపడేవి, ఇగ్నిషన్ పాయింట్లకు కిలుం పట్టేది. తప్పు ఎవరిదో తేలినంత మాత్రాన బండి నడవదు. ఇక టూ స్ట్రోక్ పొగ బండి, తుక్కుకు వేయడమే మేలన్న మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. కాలని పెట్రోలు కొంత ఆ ఇంజన్ నుంచి బయటికి పోతుంది, అది దాని నిర్మాణంలోనే ఉన్న లోపం. అందుకే దాన్ని ఉంచుకునేవారికి బాధ్యత ఎక్కువ. సీలు వదిలి గేర్ ఆయిల్ తాగే బండిని రోడ్డెక్కించే హక్కు ఎవరికీ లేదు.

మెకానిక్ వైపు నుంచి వినిపించేది సమయం మాట. పరీక్షకు గంటలు పడతాయి, గంటకు ఎవరూ డబ్బివ్వరు, భాగం మారిస్తేనే బిల్లు అవుతుంది. ఇది న్యాయమైన మాట, తప్పు మనది. జబ్బు కనిపెట్టినందుకు డాక్టరుకు ఫీజు ఇస్తాం, మెకానిక్‌కు ఇవ్వం. దాని ఫలితం సిలిండర్ మీద పడుతుంది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది, మైసూరులో యెజ్డీలు చేసిన ఐడియల్ జావా కర్మాగారం మూతపడిందీ అదే సంవత్సరం. కాబట్టి ఉన్న సిలిండర్‌నే కాపాడుకోవాలి. అసలు సిలిండర్‌ను ఎన్నిసార్లు బోర్ చేయవచ్చో దానికొక హద్దుంది, కోసిన లోహం తిరిగి రాదు. మార్చిన జెట్‌ను తిరిగి పెట్టుకోవచ్చు, బోరింగ్ అలా కాదు. అందుకే పెట్రోలు, గాలి లీకు, నిప్పు, కంప్రెషన్ వరసగా చూసి, ఒకసారికి ఒక్కటే మార్చి, మార్చాక నడిపి చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే నయం చేసింది ఏదో ఎవరికీ తెలియదు.

మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే, మళ్లీ మూలన పెట్టేముందు కుళాయి కట్టి ఫ్లోట్ గిన్నె ఖాళీ చేయండి. ఇప్పటికే మొరాయిస్తుంటే షెడ్డుకు తీసుకెళ్లి ప్రెజర్ టెస్ట్ చేయమనండి, దానికి పట్టే సమయానికి డబ్బిస్తానని ముందే చెప్పండి. ఆ ముల్లు ఎక్కడ నిలిచిందో మీ కళ్లతో చూసేదాకా బోరింగ్‌కు ఒప్పుకోకండి.