శ్వాసకోశ వైద్యుని యెన్నిక

ఇటీవల నా కక్షిదారులలో నొక వృద్ధ రైతు ఆయాసపడుచు వచ్చి, "వకీలుగారూ, ఊపిరితిత్తులకు మంచి డాక్టరెవరండీ?" అని యడిగెను. ఎకరము భూమి కొనునప్పుడు ముప్పదియేండ్ల దస్తావేజులు తిరుగవేయనిదే బయానా ఈయని పెద్దమనిషి, తన యూపిరి నప్పగించుటకు మాత్రము బస్టాండు ప్రక్కనున్న పెద్దబోర్డును ప్రమాణముగా గైకొనుచుండెను!

మొదట జూడవలసినది చదువు. ఛాతీ వైద్యమున ఎం.డి. గాని, ఆపై డి.ఎం. గాని కలదా యనునది రాష్ట్ర వైద్యమండలి పట్టికవలన తెలియును. క్షయ, ఉబ్బసము, పొగచుట్టవలన వచ్చు శ్వాసావరోధము, ఊపిరితిత్తులు గట్టిపడు జబ్బు, ఇవన్నియు రోగికి దగ్గుగనే తోచును. కఫము పరీక్షింపక, ఊదించి చూడక, మందు వ్రాయ తొందరపడువానిని సందేహింపవలయును.

ఇక రెండవది. వ్రాసెడి చేతికిని, అమ్మెడి కంపెనీకిని గల సంబంధమేమి? ఉబ్బసరోగి పీల్చు మందు నెలతో తీరునది కాదు, ఏండ్లతరబడి కొనవలసినది. కంపెనీలకు ఛాతీ వైద్యుని కలముపై నంత ప్రేమ యేల కలుగునో వేరుగ జెప్పనేల? అమెరికాలో 2010 నాటి చట్టము ననుసరించి, కంపెనీలు వైద్యులకిచ్చిన భోజనము, ప్రయాణము, ఉపన్యాస రుసుము సర్వమును 2014 సెప్టెంబరు నుండి ప్రభుత్వమే ప్రకటించుచున్నది. అచ్చట స్థిరపడిన మనవారు వైద్యుని పేరు వ్రాసినచో లెక్క కంటబడును. పట్టికలో పేరున్నంతమాత్రమున దోషి యనరాదు. పరిశోధనకిచ్చిన సొమ్ము వేరుగను, విందులకును ఉపన్యాసములకును ఇచ్చినది వేరుగను చూపబడియుండును. ఒకే కంపెనీనుండి యేటేట ముట్టుచుండి, ఆ కంపెనీ మందే చీటిపై నెక్కుచున్నచో, అప్పుడు ప్రశ్నింపవలయును.

మన దేశమున నిషేధము లేకపోలేదు. 2009 డిసెంబరులోనే వైద్యమండలి యిట్టి కానుకలు గ్రహింపరాదనెను. 2022 ఫిబ్రవరి 22వ తేదీన సుప్రీంకోర్టు ఏపెక్స్ లేబొరేటరీస్ వ్యాజ్యమున, వైద్యుల కానుకల ఖర్చును కంపెనీలు ఆదాయపు పన్నులో మినహాయించుకొనరాదని తీర్పు చెప్పెను. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము మందుల విక్రయమునకు క్రొత్త నియమావళిని వెలువరించెను. ఇన్ని జరిగియు, ఏ వైద్యునకెంత ముట్టినదో రోగి స్వయముగ వెదకి చూడదగిన పట్టిక మాత్రము మనకు లేదు. న్యాయవాదిగా నాకిది వింతగ దోచుచున్నది. ముద్దాయిపై అభియోగమున్నది, శిక్షయున్నది, సాక్ష్యము మాత్రము బీరువాలో నున్నది! ఆ బీరువా తెరువుడని శాసనసభ్యుల నడుగుట మన హక్కు.

అంతవరకు రైతు వేచియుండజాలడు గదా. "ఈ మందే మరియొక పేరుతో తక్కువ ధరకు దొరకునా అని డాక్టరుగారిని అడుగుడు. సావధానముగ బదులు చెప్పినచో కూర్చుండుడు, కోపించినచో లేచి రండు" అని చెప్పి పంపితిని.