పరువు ఎవరికి పెట్టుబడి?

“డబ్బు కోసం కెమెరా ముందు బట్టలు విప్పింది, ఇంక దానికి అన్యాయం ఏంటి?” ఈ మాట చదువుకున్నవాళ్ల నోటా వింటున్నాం. అనేవాళ్లు దీన్ని నీతి అనుకుంటారు. నా దృష్టిలో ఇది మూఢనమ్మకం. ఆడదాని విలువంతా ఒంట్లోనే ఉంటుందని, అది పోతే మోసపోయానని చెప్పుకునే హక్కూ పోతుందని నమ్మడానికి రుజువేమీ లేదు. చేతబడికి ఎంత ఆధారం ఉందో దీనికీ అంతే ఉంది. అయినా ఈ నమ్మకం మీద కోట్ల వ్యాపారం నడుస్తోంది.

అమెరికాలోని శాన్ డియాగో నుంచి నడిచిన గర్ల్స్‌డూపోర్న్ అనే సంస్థ సంగతే తీసుకోండి. మోడలింగ్ పని ఉందని ప్రకటన ఇచ్చి వయసులో ఉన్న ఆడపిల్లల్ని రప్పించేవారు. అసలు పనేమిటో తర్వాత బయటపెట్టేవారు. వీడియో ఇంటర్నెట్‌లోకి రాదని, డీవీడీలుగా ఆస్ట్రేలియా లాంటి దూరదేశాల్లోనే అమ్ముతామని, ఇక్కడ ఎవరికీ తెలియదని మాట ఇచ్చేవారు. ఇంకా సందేహం ఉంటే, ఇంతకుముందు చేసిన అమ్మాయినంటూ ఫోన్లో మాట్లాడి ధైర్యం చెప్పడానికి డబ్బిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారు. హోటల్ గదిలో కాగితాలు చదివే తీరిక ఇవ్వకుండా సంతకాలు పెట్టించుకున్నారు. ఆ తర్వాత వీడియోలు ఇంటర్నెట్‌లో పెట్టేశారు. అవి ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు, చదివే కాలేజీకి చేరాయి. 22 మంది కోర్టుకెక్కారు. 2020 జనవరిలో వాళ్లకు కోటీ పాతిక లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని, ఆ వీడియోల మీద హక్కులు కూడా వాళ్లకే అప్పగించాలని న్యాయమూర్తి తీర్పు చెప్పారు.

ఆ కోర్టు పట్టించుకున్నది ఆ అమ్మాయిల శీలాన్ని కాదు, వాళ్లకు చెప్పిన అబద్ధాల్ని. చిత్రీకరణకు ఒప్పుకోవడం వేరు, ఊరంతా చూడటానికి ఒప్పుకోవడం వేరు. ఆ మోసం ఎలా పనిచేసిందో గమనించండి. ముందు “ఎవరికీ తెలియదు” అని ఒప్పించారు. తర్వాత అందరికీ తెలిసేసరికి ఆ పిల్లలు తలెత్తుకోలేకపోయారు. రెండుసార్లూ మోసగాళ్లకు అక్కరకొచ్చింది మనం పోగేసి పెట్టిన సిగ్గే. ఫోటోలు బయటపెడతానని బెదిరించి డబ్బు గుంజేవాడు మన ఊళ్లోనూ దీని మీదే బతుకుతున్నాడు. ఇరుగుపొరుగు ఛీకొట్టకపోతే వాడి దగ్గర అమ్ముకోవడానికి సరుకే ఉండదు.

“ఆమె ఇష్టం, ఆమె డబ్బు, మధ్యలో మనకేంటి?” అనేవాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. వయసొచ్చిన మనిషి ఒంటి మీద మొగుడికి గాని, గుడికి గాని, ప్రభుత్వానికి గాని పెత్తనం లేదు. కానీ హేతువాది అన్నాక ‘ఇష్టం’ అన్న మాటనూ పరీక్షకు పెట్టాలి. కొలంబియాలో వెబ్‌కామ్ స్టూడియోలు, అంటే ఇంటర్నెట్ ప్రేక్షకుల కోసం కెమెరా ముందు లైంగిక ప్రదర్శనలు ఇప్పించే చోట్లు, పెద్ద పరిశ్రమ. అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడి హ్యూమన్ రైట్స్ వాచ్ అనే హక్కుల సంస్థ 2024 డిసెంబరులో ఒక నివేదిక ఇచ్చింది. నల్లులు, బొద్దింకలు తిరిగే ఇరుకు గదులు. ముందు షిఫ్టువాళ్లు వెళ్లాక శుభ్రం చేయని పరుపులు. చేయనన్న పనులు చేయాలని నిర్వాహకుల ఒత్తిడి. ప్రేక్షకుడు వంద ఇస్తే వెబ్‌సైటు యాభై నుంచి అరవై అయిదు దాకా ఉంచుకుంటుంది. మిగిలినదాంట్లో స్టూడియో డెబ్బై శాతం వరకూ పట్టుకోవచ్చు. లెక్కేసి చూడండి, కొందరి చేతికి పది పదిహేను మించి రావు. ఖాతా కూడా స్టూడియో గుప్పిట్లోనే ఉంటుంది. ఆమె మానేసి వెళ్లిపోయినా, ఏళ్ల తరబడి కూడగట్టుకున్న ప్రేక్షకులు ఆమె వెంట రారు.

ఇందులో ఏది ఇష్టం, ఏది నిర్బంధం? ఆమె నడవడిక చూస్తే జవాబు దొరకదు. మధ్యలో వద్దంటే ఆపే వీలుందా, ఖాతా తాళం ఎవరి దగ్గరుంది, నిన్నటి వీడియో తీసేయమంటే తీస్తారా అని చూడాలి. బట్టల మిల్లులో కూలీ గురించి మనం అడిగే ప్రశ్నలే ఇవి. కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానం 2021లో ఇలాగే ఆలోచించింది. గర్భంతో ఉన్న ఒక వెబ్‌కామ్ ఉద్యోగిని పని పోగొట్టుకుంటే, ఆమె చేసే పని మంచిదా చెడ్డదా అన్న జోలికి పోకుండా, గర్భిణికి దక్కాల్సిన రక్షణ ఆమెకూ దక్కుతుందని తీర్పు చెప్పింది.

మనవాళ్ల చరిత్రలోనూ ఈ తగాదా ఉంది. కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో తిరిగి అచ్చు వేయించారు. అందులోని శృంగారాన్ని కందుకూరి వీరేశలింగం అంతకుముందే ఈసడించారు. రాసిన మనిషి పుట్టుకనూ వృత్తినీ ఎత్తిచూపారు. నాగరత్నమ్మ స్వయంగా దేవదాసి కుటుంబంలో పుట్టినావిడ. మగకవులు రాస్తే మెచ్చుకున్నదాన్ని ఆడది రాస్తే తప్పెలా పడతారని, సిగ్గు ఆడవాళ్లకేనా అని నిలదీశారు. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. దేశానికి స్వాతంత్ర్యం వస్తున్న రోజుల్లో గాని ఆ నిషేధం పోలేదు. 1881లో వితంతువుకు పెళ్లి చేసి రాజమహేంద్రవరాన్ని ఎదిరించిన వీరేశలింగం నాకు పూజ్యుడే. ఆయన వెలుగు ఈ గడప దగ్గర ఆగిపోయిందని చెప్పడం ఆయన్ని తక్కువ చేయడం కాదు. బతుకుతెరువు కోసం ఆడిపాడే స్త్రీల వృత్తిని మాన్పించాలన్న తపనలో, ఆ స్త్రీలకూ నోరుందని ఆనాటి సంస్కర్తల్లో చాలామంది మరిచిపోయారు. అదే సమయంలో, దళిత పిల్లను ఎల్లమ్మ పేరు చెప్పి జోగినిని చేసి ఊరి పెద్దలకు అప్పగించడం భక్తిగా చెలామణీ అయింది. దాని మీద ఆంధ్రప్రదేశ్‌లో చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. ఇష్టం ఉన్నచోట పాపం చూసి, ఇష్టం అడగనే అడగనిచోట పుణ్యం చూసిన సమాజం మనది.

ఇప్పటి చట్టం కూడా ఆ చూపుతోనే ఉంది. ఐటీ చట్టంలోని 67ఏ సెక్షన్ కింద లైంగిక దృశ్యాలను ఇంటర్నెట్‌లో పెడితే మొదటిసారికి ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. తన వీడియో తానే పెట్టుకున్న మేజరుకు ఇందులో మినహాయింపు లేదు. పక్కమనిషి మర్మాంగాలను అనుమతి లేకుండా తీసి ప్రచారం చేసినవాడికి 66ఈ కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు. వాడి మీద 67ఏ కూడా పెట్టొచ్చు, నిజమే. కానీ ఆమె స్టేషన్ మెట్లెక్కితే తానూ ముద్దాయి అయ్యే ప్రమాదం ఉందన్న సంగతి వాడికి బాగా తెలుసు.

2022 మేలో తెలుగువాడైన జస్టిస్ లావు నాగేశ్వరరావు నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం సెక్స్ వర్కర్లకూ గౌరవంగా బతికే హక్కు ఉందని చెప్పింది. పోలీసులు వాళ్లను తిట్టకూడదు, కొట్టకూడదు, అత్యాచారానికి గురైతే ఎవరికైనా అందే వైద్యం వాళ్లకూ అందాలి, పేర్లూ ముఖాలూ మీడియాలో రాకూడదు అని ఆదేశించింది. ఫోన్ ముందు కూర్చుని పనిచేసే మనిషికీ ఇవే వర్తించాలి. తన ఇష్టంతో తన వీడియో పెట్టుకున్న మేజరును 67ఏ నుంచి తప్పించాలి. ఆమె తీసేయమన్న వీడియోను ఏ కారణం చెప్పమనకుండా తీసేసే బాధ్యత వెబ్‌సైట్ల మీద ఉండాలి. పిల్లల విషయంలో, మోసంతో బెదిరింపుతో తీసినవాటి విషయంలో శిక్షలు ఇప్పుడున్నట్టే కఠినంగా ఉండాలి. వీటిలో దేనికీ ఆమె శీలం గురించి ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు.