మాట యిచ్చినవారు చెల్లింపవలెను

వాతావరణ తాపమును గూర్చి ధనిక రాజ్యముల వాగ్దానములకు కొఱత లేదు, కొఱతయెల్ల చెల్లింపునందే. 2020 నాటికి ఏటేట 10,000 కోట్ల డాలర్లు పేదదేశములకు సమకూర్తుమని 2009లో కోపెన్‌హాగెన్ నగరమున ఆ రాజ్యములు మాట యిచ్చినవి. ఆ మొత్తము 2022 వఱకు పూర్తి కాలేదు. పూర్తియైనదానిలోను అధికభాగము తిరిగి తీర్పవలసిన ఋణమే.

2024లో బాకూ సభయందు వర్ధమాన దేశములు ఏటికి 1,30,000 కోట్లడుగగా, 2035 నాటికి 30,000 కోట్లని నిర్ణయమయ్యెను. ఏ రాజ్యమెంత యీయవలెనో ఆ తీర్మానమున లేదు. భారత ప్రతినిధివర్గము సభలోనే అభ్యంతరము తెలిపినది. అది న్యాయమేయని మా యభిప్రాయము. ఆకాశమున పేరుకొన్న బొగ్గుపులుసు వాయువు నిన్నటిది గాదు. అది శతాబ్దములు నిలుచును. అందు హెచ్చుభాగము ఐరోపా, అమెరికాలదే. అట్టి అమెరికాయే 2025 జనవరిలో పారిస్ ఒడంబడికనుండి రెండవమారు వైదొలగ నిశ్చయించినది. అప్పుపడినవాడే పత్రము చించినట్లున్నది.

లోకరాజ్యములు ఏకము కాజాలవను నిరాశ మాకు లేదు. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడికకు సకల రాజ్యములును సమ్మతించినవి. పేదదేశముల వ్యయమునకై 1990లో ప్రత్యేకనిధి నిర్ణయింపబడెను. నేడు ఓజోను పొర కోలుకొనుచున్నది. నియమమునకు నిధి తోడైనపుడు కార్యము సాగునని ఇందువలన తెలియుచున్నది.

మన బాధ్యతయు కలదు. ఏటి లెక్క చూచిన, దేశములలో భారతదేశము నేడు మూడవ స్థానమున నున్నది. 2070 నాటికి నికర విసర్జనము శూన్యము చేయుదుమని 2021లో గ్లాస్గోయందు ప్రధాని నరేంద్ర మోదీ ప్రకటించిరి. ఆ మాట నిలుపుకొన్ననే ఇతరుల మాట నడుగు హక్కు మనకు దృఢపడును. ఉప్పునీరు పొలములోనికి వచ్చిన పిమ్మట నాయకులు సభలు చేసి ఫలమేమి?