చెవితో చదువుకున్న పిల్లలు

మా బళ్ళారి జిల్లాలో తెలుగు సంఘాలు ఎదుగుతున్నాయి. మందిరాలకు టైల్స్ వచ్చాయి, సౌండ్ సిస్టం వచ్చింది, వేదిక మీదికి ఖరీదైన కీబోర్డు వచ్చింది. దానితోపాటే ఒక కొత్త ప్రశ్న కూడా వచ్చింది. "నీకు నొటేషన్ వచ్చా? ఏ గ్రేడ్ పాసయ్యావు?" ఈ ప్రశ్న ఎవరికి ఎదురవుతోందో ఒకసారి చూడండి. ఇంగ్లీషు మీడియం చదివి, నెలనెలా ఫీజు కట్టి మాస్టారు దగ్గర నేర్చుకున్న పిల్లవాడికి ఇది ప్రశ్నే కాదు. మోకా వైపు నుంచో, రూపనగుడి నుంచో వచ్చి, ఎవరూ నేర్పకుండా పాటలు విని వాయించే కూలివాళ్ళ పిల్లవాడికే ఇది అడ్డుగోడ. వాడు ఇప్పుడు వైర్లు చుడుతున్నాడు, స్పీకర్లు మోస్తున్నాడు.

విని నేర్చుకోవడం చదువు కాదని ఈ పెద్దలకు ఎవరు చెప్పారు? మేము ఒప్పుకోము.

ముందు ఆ చదువు ఎలా సాగుతుందో చెబుతాం. మా ఊళ్ళలో పియానో అంటే కీబోర్డే. 88 మెట్లు, లోపల తీగలు, వాటిని కొట్టే సుత్తులు ఉన్న అసలు పియానోను మా పిల్లల్లో చాలామంది ఫోనులో తప్ప చూడలేదు. పెద్దవాళ్ళైతే ఏ కంపెనీ కీబోర్డునైనా క్యాసియో అనే అంటారు. పిల్లవాడు దాని దగ్గరికి వచ్చేముందే పాట చెవిలో నానుతుంది. బళ్ళారిలో జీన్స్ కుట్టే యూనిట్లు చాలా ఉన్నాయి కదా, అక్కడ మిషన్ల రొదలో ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒకే పాటను రోజంతా వినే పిల్లలు మాకు తెలుసు. తర్వాత కూనిరాగం. పాడలేని వరసను వేళ్ళు వాయించలేవు. ఆ తర్వాతే మెట్ల మీద వెతుకులాట. పల్లవి చివర గొంతు ఎక్కడికి దిగి హాయిగా ఆగుతుందో, చాలా పాటలకు అదే షడ్జమం. అది దొరికితే ఇల్లు దొరికినట్టే. అక్కడి నుంచి వరస పైకి వెళ్ళిందా, కిందికి దిగిందా, పక్క మెట్టుకు నడిచిందా, నాలుగు మెట్లు దూకిందా అని ఒక్కో అడుగూ తేల్చుకుంటాడు.

గాంధారం దగ్గర మాత్రం చాలాసేపు ఆగాలి. అంతర గాంధారానికీ సాధారణ గాంధారానికీ మధ్య తేడా ఒక్క మెట్టు. ఆ ఒక్క మెట్టులోనే ఇంగ్లీషువాళ్ళ మేజర్ మైనర్ అయిపోతుంది, పాట మొహం మారిపోతుంది. ఆ తేడాను చెవి పట్టుకున్నాక ఎడమ చేతి పని మొదలు. షడ్జమం మీద ఒక కార్డ్, మధ్యమం మీద ఒకటి, పంచమం మీద ఒకటి. ఈ మూడింటితో మన పాటల్లో పెద్ద వాటా నడిచిపోతుంది. ఎక్కడ మార్చాలో తెలియాలంటే పైన పాడే గొంతును వదిలేసి అడుగున ఉన్న బేస్ వినాలి. ఇది అందరికీ వెంటనే రాదు. నెలలు పడుతుంది. రేడియోలో ఒక గొంతును మిగతా గొంతుల నుంచి విడదీసి వినడం లాంటి పని అది.

ఇంకో సంగతి. కీబోర్డు మీద నల్ల మెట్లు ఐదైదుగా వస్తాయి. హార్మోనియం లెక్కలో నాలుగున్నర శృతి దగ్గర, అంటే ఎఫ్ షార్ప్ దగ్గర మొదలుపెట్టి నల్ల మెట్లు మాత్రమే పైకి వాయిస్తే మోహన రాగం. అదే ఐదు మెట్లను ఐదున్నర నుంచి మొదలుపెడితే మధ్యమావతి. ఆరున్నర నుంచైతే హిందోళం. ఒకటిన్నర నుంచి శుద్ధ సావేరి, రెండున్నర నుంచి శుద్ధ ధన్యాసి. మెట్లు అవే, ఇల్లు మారితే రాగం మారుతుంది. శాస్త్రంలో దీన్ని గ్రహభేదం అంటారు. ఆ పేరు వినకుండానే దీన్ని వేళ్ళతో కనిపెట్టిన పిల్లలు మా సంఘాల్లో ఉన్నారు. "అయ్యగారూ, ఇక్కడ మొదలుపెడితే ఏడుపొస్తోంది, అక్కడ మొదలుపెడితే రావట్లేదు" అని చెప్పే పిల్లవాడికి సంగీతం రాదంటారా?

అసలు పరీక్ష ఆదివారం నాడు. మా సంఘాల్లో పాట ఎత్తేది ఎక్కువగా స్త్రీలే. మైకు కోసం చూడరు, శృతి అడగరు. ఈ వారం నాలుగు శృతిలో ఎత్తిన అవ్వ వచ్చేవారం జలుబు చేసి రెండున్నరలో ఎత్తుతుంది. మొదటి చరణంలోకి పోకముందే కీబోర్డు పిల్లవాడు ఆమె గొంతును పట్టుకోవాలి. ఆమెను ఆపి మళ్ళీ మొదలుపెట్టమనే అధికారం వాడికి లేదు, ఉండకూడదు కూడా. పల్లవి రెండోసారి తిరిగేసరికి తోడు దొరికితే ఆ సంఘానికి మంచి వాయిద్యకారుడు ఉన్నట్టు. ట్రాన్స్‌పోజ్ బటన్ దీనికి సాయమే, కాదనము. అయితే ఎప్పుడూ తెల్ల మెట్ల మీదే వాయించి మిగతాది బటన్‌కు వదిలేసిన చేతికి మిగిలిన శృతులు పరాయి ఊళ్ళుగానే మిగిలిపోతాయి.

మన కీర్తనల పుస్తకం తెరవండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. స్వరాలు ఉండవు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఇన్ని తరాలు దాటి మన దాకా వచ్చాయంటే అవి చెవి నుంచి చెవికి నడిచి వచ్చినవే. అందుకే ఒకే కీర్తన ఆదోనిలో ఒక మలుపుతో, సిరుగుప్పలో ఇంకో మలుపుతో వినిపిస్తుంది. నొటేషన్ ఉంటేనే సంగీతం అనే పెద్దమనిషి ఆదివారం తన చేతిలో పట్టుకుని పాడే పుస్తకంలోనే నొటేషన్ లేదని గమనించడు.

సరిహద్దు జిల్లా కాబట్టి మా దగ్గర ఈ విషయానికి ఇంకో ముడి ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మా ఇళ్ళల్లో తెలుగు, బడిలో కన్నడ. మా పిల్లల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడతారు, పాడతారు, కానీ చదవలేరు. కీర్తనల పుస్తకం వాళ్ళకు మూసి ఉన్న పుస్తకమే. పాటను విని కన్నడ లిపిలో నోటుబుక్కులో రాసుకుంటారు. ఒక్కోసారి మాట తప్పుతుంది, వరస మాత్రం తప్పదు. వాళ్ళ అవ్వతాతలకైతే ఏ లిపీ రాదు, వేలిముద్ర మనుషులు. అక్షరాన్ని వాళ్ళ దరిదాపులకు రానివ్వని కాలం ఒకటి ఉండేది. ఆ కాలంలో వాళ్ళకు మిగిలిన బడి చెవి ఒక్కటే. తప్పెట దరువులు కాగితం మీద నేర్చినవి కావు. పెళ్ళికి ఏ దరువు, చావుకు ఏ దరువు అన్నది తండ్రి పక్కన నిలబడి విని నేర్చినవి. చాలా సంఘాలు ఆ తప్పెటను గుడి బయటే వదిలి రమ్మన్నాయి. ఇప్పుడు ఆ చెవిని కూడా బయటే వదలమంటున్నాయి. ఇది సంగీతం గురించిన తగవేనా?

మా ఊరి చరిత్ర తెలిసినవాళ్ళు ఇలా అడగరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ తెలుగు నాటకాన్ని నిలబెట్టిన ఊరు ఇది. పద్యనాటకాన్ని మోసింది హార్మోనియం. నటుడు పద్యం ఎత్తి ఇష్టమొచ్చినంత రాగం తీస్తాడు, వన్స్‌మోర్ అంటే రెండోసారి వేరేగా తీస్తాడు. దానికి కాగితం ఎక్కడిది? హార్మోనిస్టు నటుడి గొంతు వంక చెవి పెట్టి వెంట నడవాల్సిందే. ఆ ప్రతిభకు ఈలలు వేసిన ఊరే ఇప్పుడు గ్రేడ్ సర్టిఫికెట్టు అడుగుతోంది.

ఈ చిన్నచూపు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో 1921లో పుట్టిన ఎరోల్ గార్నర్ అనే నల్లజాతి పియానిస్టు జీవితాంతం నొటేషన్ చదవలేదు. ఆ కారణం చెప్పే సొంత ఊరి సంగీతకారుల యూనియన్ ఆయనకు సభ్యత్వం నిరాకరించింది. ఆయన పేరు అంతటా మోగిన తర్వాత గాని దిగిరాలేదు. జపాన్‌లో షినిచి సుజుకి (1898–1998) పిల్లలు మాతృభాషను ఎలా నేర్చుకుంటారో సంగీతాన్నీ అలాగే, ముందు విని తర్వాత చదివి, నేర్చుకోవాలని ఒక పద్ధతినే కట్టారు. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో ఊళ్ళలో తల్లిదండ్రులు ఫీజులు కట్టి పిల్లలను ఆ పద్ధతిలో చేరుస్తున్నారు. అంటే డబ్బున్న పిల్లవాడు వింటే అది పద్ధతి, డబ్బులేని పిల్లవాడు వింటే అది "లోకల్ వాయింపు".

నొటేషన్ వద్దని మేము అనడం లేదు. చెవి గొప్పదని పొగిడి పిల్లవాడిని అక్కడే వదిలేయడం కూడా అన్యాయమే. బడిలో సంగీతం టీచరు ఉద్యోగానికో, స్టూడియో పనికో వెళితే కాగితం ముందు పెడతారు. ఇళయరాజా అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరుగుతూ హార్మోనియం పట్టారు. మద్రాసు చేరాక ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం, నొటేషన్ నేర్చుకున్నారు. విన్న చెవికి రాసే చేయి తోడైంది. మా పిల్లలకూ ఆ రెండో మెట్టు కావాలి. దాన్ని ఎక్కించాల్సింది సంఘమే. ఎక్కించకుండా "నీకు రాదు" అనడం ఏ సువార్త? సౌలు కోసం సితారా వాయించేవాణ్ణి వెతికినప్పుడు సేవకుడు బేత్లెహేము గొర్రెల కాపరి గురించి చెప్పాడు. ఎవరి దగ్గర నేర్చాడని అక్కడ ఎవరూ అడగలేదు.

ఇక డబ్బు సంగతి. దీని గురించి మాట్లాడితే కాపరులమైన మాకే ఇబ్బంది, అయినా మాట్లాడాలి. 1849లో జార్జియాలో బానిసగా, పుట్టు గుడ్డివాడిగా పుట్టిన థామస్ విగ్గిన్స్ ఒకసారి విన్న సంగీతాన్ని పియానో మీద తిరిగి వాయించేవాడు. 1860లో అమెరికా అధ్యక్షుడి ముందు వైట్‌హౌస్‌లో వాయించాడు. కచేరీల రాబడి యజమాని బెతూన్ కుటుంబానికి వెళ్ళింది, బానిసత్వం రద్దయిన తర్వాత కూడా. జనం ఆ చెవిని వింతగా చూసి చప్పట్లు కొట్టారు, ఆ మనిషికి కూలి ఇవ్వాలని తలచలేదు. మన మహాసభలకు పట్నం నుంచి వచ్చే బృందానికి కవరు, శాలువా, కారు. నలభై రోజుల ఉపవాస కూడికల్లో రోజూ వాయించిన ఊరి పిల్లవాడికి "దేవుడు దీవిస్తాడు". వాడికి బస్సు ఛార్జీ అయినా ఇవ్వండి. రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాడికి కూలి ఇవ్వండి. పరిచర్య పేరుతో ఉచితంగా వాడుకోవడాన్ని ఆమోసు ప్రవక్త ఏమనేవాడో మనకు తెలియంది కాదు.

అమ్మాయిల మాట కూడా. పాడటానికి మైకు ఇస్తాం, కీబోర్డు ముందు కూర్చోనివ్వం. ఎందుకని అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఇంట్లో రోట్లో రుబ్బుతూ అమ్మ పాడిన వరసలన్నీ వాళ్ళ చెవుల్లోనే ఉన్నాయి.

ఫోన్లో మెట్ల మీద రంగు గీతలు పడుతుంటే చూసి వాయించే వీడియోలు వచ్చాయి. అది వినడం కాదు, కళ్ళతో కాపీ. వీడియో ఆగితే చేయి ఆగుతుంది. కుదిరితే పిల్లల చేత ఆ తెర మూయించి పాట మాత్రం వినిపించండి.

మా మందిరంలో ఏడాదిగా మంగళ, గురువారాలు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కీబోర్డు మీద గుడ్డ తీసి ఉంచుతున్నాం. ఎవరైనా రావచ్చు, సంఘ సభ్యులే కానక్కర్లేదు. పక్క వీధి నుంచి ఒక ముస్లిం కుర్రవాడు వస్తున్నాడు, ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు. రిటైరైన ఒక టీచరమ్మ వారానికి ఒక గంట నొటేషన్ చెబుతున్నారు, ఆమెకు ఆటో ఛార్జీ సంఘం ఇస్తుంది. ఒక మెట్టు అప్పుడే పాడైంది. దాన్ని ఎవరు బాగు చేయించాలి అని కమిటీలో వాదన నడుస్తోంది, వచ్చే నెల మీటింగులో మళ్ళీ వస్తుంది. ఆ మెట్టు లేకుండా ఎలా వాయించాలో మాత్రం పిల్లలు ఈలోపే కనిపెట్టారు.